శ్లోకార్థ చింతన: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలామందికి శ్లోకం నోటికి వస్తుంది, తాత్పర్యమూ గుర్తుంటుంది. శ్లోకంలోని ఏ మాట తాత్పర్యంలోని ఏ ముక్కను ఇచ్చిందని అడిగితే మాత్రం తడబడతారు. కింది జవాబులన్నీ ఆ ఖాళీని పూడ్చుకోవడం గురించే. చింతన వాక్యం మీద నిలబడాలి. వాక్యం కుదరకముందే మొదలయ్యే చింతన మన ఊహల చుట్టూ తిరుగుతుందే తప్ప శ్లోకం దగ్గరికి చేరదు.

అర్థం తెలియకుండా చదివితే ఫలం ఉండదా?

ఈ వాదం వేదపదాలకు అర్థం చెప్పే నిరుక్తం రాసిన యాస్కుడి కాలానికే పాతది. మంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడు అన్నాడని చెప్పి, నిరుక్తం మొదటి అధ్యాయంలోనే యాస్కుడు దాన్ని ఖండించాడు. వేదం వల్లించి అర్థం తెలుసుకోనివాణ్ణి అక్కడే "స్థాణురయం భారహారః" అన్నాడు, అంటే బరువు మోసే మోడు. ఉచ్చారణ నియమాల గ్రంథమైన పాణినీయ శిక్ష చెప్పిన ఆరుగురు అధమ పాఠకుల్లో "అనర్థజ్ఞుడు" ఒకడు. రాగాలు తీసేవాడు, గబగబా చదివేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, గొంతు పెగలనివాడు మిగతా అయిదుగురు.

అయినా అర్థం రాదని పారాయణ మానేయనక్కర లేదు. ఛాందోగ్య ఉపనిషత్తు (1.1.10) "యదేవ విద్యయా కరోతి శ్రద్ధయోపనిషదా తదేవ వీర్యవత్తరం భవతి" అంటుంది. తెలిసి చేసినది "వీర్యవత్తరం", అంటే మరింత శక్తిగలది. ఆ "తర" ప్రత్యయం పోలిక చెబుతోంది కాబట్టి తెలియక చేసినదీ శక్తిగలదేనని శంకరులు భాష్యంలో రాశారు. ఒక్క ప్రత్యయం మీద ఎంత అర్థం ఆధారపడుతుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అర్థం తెలుసుకోవడమూ అర్థచింతనా ఒకటేనా?

కావు. బృహదారణ్యకం (2.4.5) "శ్రోతవ్యో మంతవ్యో నిదిధ్యాసితవ్యః" అని మూడు మెట్లు చెప్పింది. వినడం, తర్కించుకోవడం, ఎడతెగకుండా నిలుపుకోవడం. పదాలకు అర్థాలు తెలియడం మొదటి మెట్టులో భాగం. ఆ మాటే ఎందుకు వాడారు, మరో మాట వాడితే ఏం పోయేది, ముందు శ్లోకంతో ఇది ఎలా అతుకుతుంది అని అడిగితే రెండోది మొదలవుతుంది. యోగసూత్రం (1.28) "తజ్జపస్తదర్థభావనమ్" అన్నప్పుడు జపాన్నీ అర్థభావననూ ఒక్క సూత్రంలోనే జతచేసింది.

కొత్త శ్లోకాన్ని ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

వ్యాఖ్యానానికి పెద్దలు అయిదు లక్షణాలు చెప్పారు: "పదచ్ఛేదః పదార్థోక్తిర్విగ్రహో వాక్యయోజనా, ఆక్షేపస్య సమాధానం". సంధులు విడదీయాలి, పదాలకు అర్థం చెప్పాలి, సమాసాలకు విగ్రహవాక్యం చెప్పాలి, వాక్యంగా కూర్చాలి, చివరికి సందేహం వేసి జవాబు చెప్పాలి. ఈ వరస మార్చకండి. ఎక్కువమంది మొదటి నాలుగూ దాటేసి అయిదోదానికి దూకుతారు. అక్కడ వాళ్లకు తోచే సందేహాలు సగం పదచ్ఛేదం చేస్తే పోయేవే.

అందరికీ తెలిసిన శ్లోకంతో చూద్దాం.

శుక్లాంబరధరం విష్ణుం శశివర్ణం చతుర్భుజమ్
ప్రసన్నవదనం ధ్యాయేత్సర్వవిఘ్నోపశాంతయే

పదచ్ఛేదం చేస్తే ఏడు పదాలు. సంధి విడదీయవలసిన చోటు ఒక్కటే: ధ్యాయేత్ + సర్వవిఘ్నోపశాంతయే. ఏడింటిలో అయిదు ద్వితీయా ఏకవచనాలు, ఒకటి క్రియ, ఒకటి చతుర్థి. ఈ లెక్క వేసుకుంటేనే శ్లోకం ఆకారం కళ్లకు కడుతుంది. ఒకే మూర్తికి అయిదు మాటలు, ఒక పని, ఒక ప్రయోజనం.

తర్వాత విగ్రహం. చతుర్భుజం అంటే "నాలుగు భుజాలు" కాదు, "చత్వారో భుజా యస్య", నాలుగు భుజాలు ఎవరికి ఉన్నాయో ఆయన. ప్రసన్నవదనం, శశివర్ణం కూడా ఇలాంటి బహువ్రీహులే. బహువ్రీహిని గుర్తుపట్టకపోతే "నాలుగు భుజాలను, ప్రసన్నమైన ముఖాన్ని ధ్యానించాలి" అని అవయవాల జాబితా మిగులుతుంది.

ఇక పదార్థం. వరసలో ఇది విగ్రహానికి ముందే రావాలి, చెప్పవలసింది ఎక్కువ కాబట్టి ఇక్కడ చివర పెట్టాను. ఇక్కడ "విష్ణుం" అంటే వ్యాపించినవాణ్ణి. ఈ శ్లోకాన్ని వినాయకుడికి చెప్పుకుంటాం, కాని ఇందులో ఏనుగు ముఖం లేదు, గణపతి పేరూ లేదు. విష్ణుసహస్రనామ పారాయణ మొదట్లోనూ ఇదే చదువుతారు. విఘ్నాలకు "నాశనం" అనలేదు, "ఉపశాంతి" అన్నారు, అంటే అణగడం, సద్దుమణగడం. వెలుగు, తెలుపు, ప్రసన్నత నిండిన మూర్తిని తలచుకుంటే కలిగే ఫలాన్ని కూడా శాంతి మాటతోనే చెప్పారు. చింతనకు ఇలాంటి చోట పట్టు దొరుకుతుంది.

అన్వయం (పదాలను వాక్యంగా కూర్చడం) కుదరడం లేదు. ఏ పద్ధతి పాటించాలి?

రెండు పద్ధతులున్నాయి. దండాన్వయంలో కర్తను దాని విశేషణాలతో ముందు పెట్టి, కర్మను దాని విశేషణాలతో తర్వాత పెట్టి, క్రియను చివర ఉంచుతారు. అది తెలుగు వాక్యం నడకే కాబట్టి మనకు తేలిగ్గా కనిపిస్తుంది. ఖండాన్వయంలో క్రియతో మొదలుపెట్టి ప్రశ్నలు వేస్తారు. ధ్యాయేత్, ధ్యానించాలి. ఎవరిని? విష్ణుం. ఎలాంటివాణ్ణి? శుక్లాంబరధరం, శశివర్ణం, చతుర్భుజం, ప్రసన్నవదనం. ఎందుకు? సర్వవిఘ్నోపశాంతయే. ఎవరు ధ్యానించాలి? కర్త చెప్పలేదు, "భక్తుడు" అని అధ్యాహారం చేసుకోవాలి. సొంతంగా చదువుకునేవారికి ఖండాన్వయమే మేలు. ఏ ప్రశ్నకు జవాబు లేదో వెంటనే తేలిపోతుంది, ఏ పదం ఎవరికీ చెందకుండా మిగిలిందో కూడా తెలుస్తుంది.

బడిలో నేర్చిన విభక్తి ప్రత్యయాలు ఇక్కడ పనికొస్తాయి. ద్వితీయకు నిన్ నున్ లన్, తృతీయకు చేతన్ తోడన్, చతుర్థికి కొఱకున్ కై, పంచమికి వలనన్ కంటెన్, షష్ఠికి యొక్క, సప్తమికి అందు. ప్రతి పదం కింద దాని ప్రత్యయం రాసుకోండి. వాడుక భాషలో ఎబ్బెట్టుగా ఉన్నా ఫరవాలేదు, ఆ కాగితం మీకోసమే. సంస్కృతంలో ద్వివచనం ఉందని మరవొద్దు. "జగతః పితరౌ వందే" అన్నచోట "పితరౌ" ఇద్దరు తండ్రులు కాదు, తల్లీ తండ్రీ. ఏకశేషంలో పితృశబ్దం ఒక్కటే మిగిలింది.

కొలచల మల్లినాథసూరి తన వ్యాఖ్యల మొదట్లో "ఇహాన్వయముఖేనైవ సర్వం వ్యాఖ్యాయతే మయా, నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే" అని ప్రతిజ్ఞ చేశాడు. అంతా అన్వయం దారినే చెబుతాను, మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని. నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోదగ్గ మాట.

సంధి తప్పుగా విడిస్తే నిజంగా అంత ప్రమాదమా?

"మా" అనే ఒక్క అక్షరం చాలు చూపడానికి. తెలుగులో మా అంటే మాయొక్క. సంస్కృతంలో ఆ అర్థం అసలు లేదు. అక్కడ "వద్దు" అనే నిషేధం ఒకటి, "నన్ను" (మామ్‌కు పొట్టి రూపం) ఇంకొకటి.

బృహదారణ్యకంలో (1.3.28) "మృత్యోర్మాఽమృతం గమయ" ఉంది. మా అంటే నన్ను. మృత్యువు నుంచి నన్ను అమృతానికి చేర్చు. ఋగ్వేదంలోని మృత్యుంజయ మంత్రంలో (7.59.12) "మృత్యోర్ముక్షీయ మాఽమృతాత్" ఉంది. ఇక్కడ మా అంటే వద్దు. మృత్యువు నుంచి విడివడుదును గాక, అమృతం నుంచి మాత్రం వద్దు. చెవికి రెండూ "మామృత" అనే వినిపిస్తాయి. తేడా ఎలా పట్టాలి? విభక్తి, క్రియ చూడాలి. మొదటిదాంట్లో అమృతం ద్వితీయ, "గమయ" అంటే చేర్చు, ఎవరిని అనే ప్రశ్నకు "మా" జవాబు. రెండోదాంట్లో అమృతాత్ పంచమి, "ముక్షీయ" అంటే నేను విడివడుదును గాక, అందులో నేను ముందే ఉన్నాను, ఇంకో "నన్ను"కు చోటు లేదు. "అసతో మా సద్గమయ"లో మా అర్థం మీద సందేహం ఉంటే ఉపనిషత్తే తీర్చింది. ఆ మంత్రాలను వెంటనే తానే వివరిస్తూ "అమృతం మా కురు", నన్ను అమృతుణ్ణి చేయి, అంది.

ఇంకో గుర్తు ఉంది. "నన్ను" అనే మా పాదం మొదట రాదు. పాణిని నియమం అది (8.1.18, 23). గీత 2.47లో ("కర్మణ్యేవాధికారస్తే") రెండో, మూడో, నాలుగో పాదాలు "మా"తోనే మొదలవుతాయి, అవి నిషేధాలు తప్ప మరొకటి కాలేవు.

ఆ శ్లోకం చివరి పాదం "మా తే సంగోఽస్త్వకర్మణి". సంగః అస్తు అకర్మణి. "స్త్వకర్మణి" అని కలిసిపోయిన అకారాన్ని వదిలేసి "కర్మణి" అని విడదీస్తే పని మీద ఆసక్తి వద్దని అర్థం వస్తుంది. శ్లోకం చెప్పింది పని మానడం మీద ఆసక్తి వద్దని. తెలుగు ముద్రణల్లో అవగ్రహం (ఽ) తరచు వదిలేస్తారు కాబట్టి ఏ, ఓ తర్వాత ఒక అకారం మునిగి ఉందేమో ప్రతిసారీ వెతకండి.

తెలుగులో ఉన్న మాటే కదా, దానికీ నిఘంటువు చూడాలా?

తప్పకుండా. తెలియని మాటను ఎలాగూ వెతుకుతాం, తెలిసిందనుకున్న మాట దగ్గరే మోసపోతాం. సంస్కృతం నుంచి మన భాషలోకి వచ్చి అర్థం మార్చుకున్న తత్సమాలు వందల్లో ఉన్నాయి.

గీత 6.40: "న హి కల్యాణకృత్కశ్చిద్దుర్గతిం తాత గచ్ఛతి". ఇక్కడ తాత అర్జునుడు. "నాయనా" అనే వాత్సల్యపు పిలుపు అది. కల్యాణకృత్ పెళ్లి చేసేవాడు కాదు, మంచి పని చేసేవాడు. నాయనా, మంచి చేసేవాడెవడూ దుర్గతికి పోడు. 2.41లోని "వ్యవసాయాత్మికా బుద్ధిః" నిశ్చయరూపమైన బుద్ధి, సాగుతో దానికి సంబంధం లేదు. 14.8లో తమోగుణం "ప్రమాదాలస్యనిద్రాభిః" బంధిస్తుందని ఉంది. ప్రమాదం అంటే ఏమరుపాటు, ఆలస్యం అంటే సోమరితనం. మన వాడుకలో ఆ రెంటి ఫలితాలకే ఆ పేర్లు స్థిరపడ్డాయి: ఏమరితే జరిగేది ప్రమాదం, బద్ధకిస్తే అయ్యేది ఆలస్యం. 2.65లో "ప్రసాదే సర్వదుఃఖానాం హానిః" అన్నప్పటి ప్రసాదం తినేది కాదు, మనసు తేటపడడం. శాస్త్రగ్రంథాల్లో అనుమానం సందేహం కాదు, పొగను చూసి నిప్పును ఊహించే ప్రమాణం.

ఇలాంటి అన్నిటిలోకీ బరువైనది 2.47లోని "అధికారః". పదవి, పెత్తనం అనే నేటి అర్థంతో చదివితే "పని మీద నీకు హక్కుంది, జీతం మీద లేదు" అన్నట్టు వినిపించి మనసు ఎదురు తిరుగుతుంది. అధికారం అంటే ఒక పనికి అర్హుడై దానికి నియుక్తుడై ఉండడం. "నీ వంతు కర్మలోనే ఉంది" అని చదువుకుంటే దగ్గరగా ఉంటుంది.

అందుకే ఒక సాధన చేయండి: శ్లోకంలో మీకు బాగా తెలుసనిపించిన మూడు మాటలకు గీత గీసి, ముందు వాటినే నిఘంటువులో చూడండి.

ఉచ్చారణ కొంచెం అటూ ఇటూ అయినా అర్థం మారదు కదా?

మారుతుంది. వ్యాకరణం చదవమని కొడుక్కి చెప్పే పాత చాటు శ్లోకం ఒకటుంది: "స్వజనః శ్వజనో మాభూత్ సకలం శకలం సకృచ్ఛకృత్". స్వజనం బంధువులు, శ్వజనం కుక్కలు. సకలం మొత్తం, శకలం ముక్క. సకృత్ ఒకసారి, శకృత్ మలం. స, శ తేడాలోనే ఇదంతా. మనవాళ్లు ఎక్కువగా జారేది ఒత్తుల దగ్గర. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. "శ్లోకార్ధం" అని రాస్తే శ్లోకంలో సగమని అర్థం.

పుస్తకంలో అచ్చుతప్పు ఉందని ఎలా పట్టుకోవాలి?

అనుష్టుప్పు అయితే సులువు. నాలుగు పాదాలు, పాదానికి 8 అక్షరాలు, మొత్తం 32. ప్రతి పాదంలో అయిదోది లఘువు, ఆరోది గురువు. ఏడోది 2, 4 పాదాల్లో లఘువు, 1, 3 పాదాల్లో గురువు. "మా ఫలేషు కదాచన" చూడండి: అయిదోది "క" లఘువు, ఆరోది "దా" గురువు, ఏడోది "చ" లఘువు. బేసి పాదాల్లో మినహాయింపులు దొరుకుతాయి, సరి పాదాల్లో మాత్రం ఈ లెక్క తప్పిందంటే అక్కడ అచ్చుతప్పో ఎవరో సంధి విడదీసి అచ్చువేయడమో జరిగి ఉంటుంది. "కర్మణ్యేవ అధికారస్తే" అని విడివిడిగా రాస్తే అక్షరాలు తొమ్మిదవుతాయి. అర్థం కోసం విడదీసుకున్న పాఠాన్ని పారాయణకు వాడకండి. రెండూ వేరు వేరు పేజీల్లో ఉంచండి.

గాయత్రిలాంటి వేదమంత్రాలకూ ఇదే పద్ధతా?

పదచ్ఛేదం, అన్వయం ఇవే. స్వరం మాత్రం గురువు దగ్గరే నేర్వాలి, రాతతో రాదు. గాయత్రిలో (ఋగ్వేదం 3.62.10) అన్వయం చేసుకునేవారు తరచు తప్పే చోటు "యః". ఆ మాట పుంలింగం. "భర్గః" విసర్గతో ముగిసినా సకారాంత నపుంసకం, కాబట్టి "మా బుద్ధులను ప్రేరేపించేది ఎవరు" అంటే తేజస్సు కాదు, సవిత. "ధియః" బహువచనం, "నః" బహువచనం, "ధీమహి" ఉత్తమ పురుష బహువచనం. ఒక్కడే కూర్చుని జపించినా నా బుద్ధి అనడు, మా బుద్ధులు అంటాడు. ఈ మూడు బహువచనాల మీద ఒక వారం గడిపినా తక్కువే.

మృత్యుంజయ మంత్రంలో ఉపమానం మీద నిలవండి. "ఉర్వారుకమివ బంధనాత్", దోసపండు తొడిమ నుంచి విడినట్టు. పచ్చికాయను తెంపాలి, పండినది తనంతట విడుతుంది. అడిగింది ఆయుష్షు పెంచమనా, లేక పండి విడిపోనిమ్మనా అనే ప్రశ్నను మంత్రమే వేస్తోంది. మన ఊహ అక్కర్లేదు.

భాష్యకారులు తలోరకంగా చెబితే ఎవరిది పట్టుకోవాలి?

మీ సంప్రదాయం ఏదైతే దాన్ని ముందు పూర్తిగా చదవండి. ఒకే శ్లోకానికి మూడు భాష్యాలు ముందేసుకుని నచ్చిన వాక్యాలు ఏరుకుంటే ఏ దర్శనమూ అర్థం కాదు. గీత 18.66 "సర్వధర్మాన్పరిత్యజ్య" దగ్గర శంకరులు ధర్మశబ్దంలో అధర్మాన్నీ కలుపుకుని సర్వకర్మ సన్న్యాసం చెప్పారు. రామానుజులు కర్మ మానమనలేదు, ఫలాన్నీ కర్తృత్వాన్నీ విడవమన్నారు. ఇద్దరూ వ్యాకరణం దాటలేదు. విడవవలసింది ఏమిటన్నదే తేడా, ఆ తేడా గీత మొత్తాన్ని వారు చదివిన తీరు నుంచి వచ్చింది.

తాత్పర్యం తేల్చడానికి మీమాంసకులు, వేదాంతులు ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు (మొదలు, ముగింపు), అభ్యాసం (మళ్లీ మళ్లీ చెప్పడం), అపూర్వత (వేరేచోట తెలియని విషయం), ఫలం, అర్థవాదం (పొగడ్త), ఉపపత్తి (యుక్తి). ఛాందోగ్యం ఆరో అధ్యాయాన్ని అద్వైతులు ఇలా చదువుతారు: మొదట "ఏకమేవాద్వితీయమ్", చివర "ఐతదాత్మ్యమిదం సర్వమ్", మధ్యలో "తత్త్వమసి" తొమ్మిదిసార్లు. అదే వాక్యాన్ని మధ్వాచార్యులు "స ఆత్మా, అతత్ త్వమసి" అని విడదీశారు. సంధి రెండు విధాలా విడుతుంది, "ఆత్మాతత్" అన్నది రెంటికీ చోటిస్తుంది. వాదం అంతా ఆ తర్వాతే మొదలవుతుంది.

భిన్నార్థానికీ తప్పర్థానికీ మధ్య హద్దు ఎక్కడంటే విభక్తి దగ్గర. పంచమిని ద్వితీయగా మార్చి చెప్పే అర్థం ఎంత ఇంపుగా ఉన్నా ఆ శ్లోకానిది కాదు.

ఒక్క పాదం పట్టుకుని చింతన చేయవచ్చా?

శ్లోకం మొత్తం, దాని ముందువెనకలు చదివాక చేయండి. "ధర్మో రక్షతి రక్షితః" అందరికీ తెలుసు. మనుస్మృతిలో (8.15) దాని ముందు "ధర్మ ఏవ హతో హంతి" ఉంది, తర్వాత "మా నో ధర్మో హతోఽవధీత్" ఉంది. సందర్భం న్యాయసభ. అధర్మం ధర్మాన్ని కొడుతుంటే చూస్తూ ఊరుకున్న సభ్యుల గురించిన మాట. అభయంలా వినిపించే పాదం నిజానికి హెచ్చరికలో ఒక భాగం.

చలామణిలో ఉన్న పాఠాలనూ సరిచూడండి. "అహింసా పరమో ధర్మః" పక్కన "ధర్మహింసా తథైవ చ" చేర్చి భారతంలోదని పంచుతుంటారు. ఆనుశాసనిక పర్వంలో ఆ పాదం తర్వాత ఉన్నది "తథాఽహింసా పరో దమః". అధ్యాయం, శ్లోకసంఖ్య లేని శ్లోకం మీద చింతన మొదలుపెట్టకండి.

అర్థాన్ని ప్రశ్నిస్తే అశ్రద్ధ అవుతుందా?

కాదు. "సంశయాత్మా వినశ్యతి" అన్న నాలుగో అధ్యాయమే "పరిప్రశ్నేన" తెలుసుకోమంది (4.34). చివర కృష్ణుడు "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అన్నాడు (18.63). అశేషేణ అంటే ఏమీ మిగల్చకుండా విమర్శించి.

రోజుకు ఎంతసేపు? ఎన్ని శ్లోకాలు?

20 నిమిషాలు, వారానికి ఒక్క శ్లోకం. మొదటి రోజు పదచ్ఛేదం, రెండో రోజు పదార్థాలు, సమాసాలు, మూడో రోజు పుస్తకం చూడకుండా అన్వయం. నాలుగో రోజు వరకు తాత్పర్యం చదవకండి, ఇది ముఖ్యం. ముందే చదివితే మీ అన్వయం తాత్పర్యానికి తగ్గట్టు వంగిపోతుంది, తప్పెక్కడ చేశారో తెలియదు. నాలుగో రోజు మీ వాక్యాన్నీ వ్యాఖ్యానాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలకు ఎర్రసిరాతో గుర్తు పెట్టండి. అయిదో, ఆరో రోజుల్లో మననం. ఏడో రోజు కలం పట్టకుండా పారాయణ.

గీతలో 700 శ్లోకాలున్నాయి. ఈ లెక్కన మొత్తానికి పదమూడేళ్లు దాటుతుంది కాబట్టి ఒక ఖండం ఎంచుకోండి. స్థితప్రజ్ఞుడి లక్షణాలు (2.54 నుంచి 72 వరకు) 19 శ్లోకాలు, భక్తుడి లక్షణాలు (12.13 నుంచి 20 వరకు) 8. మొదటిసారి ఎనిమిదింటితో మొదలుపెట్టడమే మంచిది, రెండు నెలల్లో ఒక పూర్తి ప్రకరణం చేతికొస్తుంది.

మననానికి కూర్చుంటే ఏమీ తోచదు. ఏం చేయాలి?

తోచేదాకా కళ్లు మూసుకుని ఎదురుచూడొద్దు, శ్లోకాన్ని ప్రశ్నలడగండి. ఒక పదం తీసేసి చదవండి. 2.47లో "ఏవ" తీసేస్తే ఏమవుతుంది? "కదాచన" లేకపోతే? "ఫలేషు" బహువచనం ఎందుకు, "కర్మణి" ఏకవచనం ఎందుకు? నాలుగు పాదాల వరస మార్చి చూడండి. మొదటి మూడూ విన్నవాడికి "అయితే అసలు పనే ఎందుకు?" అని తోస్తుంది. ఆ దారిని నాలుగో పాదం మూసేసింది. అది మూడో పాదానికి ముందు వచ్చి ఉంటే ఆ పట్టు ఉండేది కాదు. ఇక చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ వాక్యం ఈ రోజు నేను చేయబోయే ఏ పనిని ఉద్దేశించి ఉంది? జవాబు ఒక పని పేరుగా రావాలి. "నిష్కామంగా ఉండాలి" అనే జవాబు చాలదు.

సహస్రనామాల్లో క్రియే ఉండదు కదా, అక్కడ చింతన ఎలా?

ఒక్కో నామమే ఒక వాక్యం. ముందు నామాలు ఎక్కడ విడతాయో చూసుకోండి. "స్థవిష్ఠః స్థవిరో ధ్రువః" అన్నచోట శంకరభాష్యం ప్రకారం "స్థవిరో ధ్రువః" కలిపి ఒకే నామం. విశేషణంతో కూడిన ఇలాంటి నామాలను గుర్తించకపోతే లెక్క వెయ్యి దాటుతుంది. "విష్ణుః" మూడుచోట్ల వస్తుంది. పునరుక్తి దోషం రాకుండా భాష్యకారులు ప్రతిచోటా వేరే వ్యుత్పత్తి చెబుతారు. మీరూ మొదట ఆ మూడింటినీ పక్కపక్కన రాసుకుని చూడండి. రోజుకు ఒక నామం చాలు.

సంస్కృతం పూర్తిగా నేర్చుకోవాలా?

మొదలుపెట్టడానికి అక్కర్లేదు. రామ, హరి, గురు, రమా, ఫల శబ్దాలు, తద్, యద్, కిమ్, అస్మద్, యుష్మద్ సర్వనామాలు మూడు వచనాల్లో నోటికి రావాలి. లట్, లోట్, విధిలిఙ్ గుర్తుపట్టడం రావాలి: ఉంది, ఉండుగాక, ఉండవలెను. సవర్ణదీర్ఘం, గుణం, వృద్ధి, యణాదేశం తెలుగు వ్యాకరణంలోనే చదివి ఉంటారు, విసర్గసంధి కొత్తగా నేర్వాలి. శ్రద్ధగా చదివితే ఇది ఆరు నెలల పని. మనకు వేల తత్సమాలు ముందే తెలుసు, ఆ లాభం చిన్నది కాదు.

ఎలాంటి పుస్తకం కొనాలి?

తాత్పర్యం ఒక్కటే ఉన్నది వద్దు. మూలం, పదచ్ఛేదం, ప్రతిపదార్థం, తాత్పర్యం నాలుగూ ఉండాలి. అమరకోశానికి గురుబాలప్రబోధిక అనే తెలుగు టీక ఉంది. పర్యాయపదాల మధ్య తేడాకు అదే మంచి తోడు. యంత్రానువాదాలను అన్వయానికి నమ్మకండి. పైన చెప్పిన "మా" లాంటివి ఇచ్చి పరీక్షించి చూడండి.

ఒక శ్లోకం పూర్తయిందని ఎప్పుడు అనుకోవచ్చు?

పుస్తకం మూసి మూలం చదవగలగాలి. ఏ పదం మీద వేలు పెట్టినా విభక్తి, వచనం చెప్పగలగాలి. తాత్పర్యం మీ సొంత తెలుగులో మూడు వాక్యాల్లో రాసి, ప్రతి ముక్క కింద దానికి ఆధారమైన మూలపదం చూపగలగాలి. ఆధారం దొరకని ముక్క ఉంటే కొట్టేయండి, ఏ ముక్కకూ చేరని పదం మిగిలితే దాని దగ్గరికి వెనక్కి వెళ్లండి. ఆ కాగితానికి తేదీ వేసి దాచండి. ఏడాది తర్వాత అదే శ్లోకాన్ని పాత కాగితం చూడకుండా మళ్లీ రాసి, రెండూ పోల్చుకోండి.